తాళం వేసిన ఇంటికి సొంత అలారం

ఉత్తర తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవుల్లో పులి తిరిగిన సంగతిని చాలాసార్లు ముందుగా పసిగట్టేది మనిషి కాదు, చెట్టు మొదలుకు మోకాలెత్తున కట్టిన చిన్న పెట్టె. మహారాష్ట్రలోని తడోబా నుంచి ఇటు కవ్వాల్ పులుల అభయారణ్యానికి సాగే దారిలో ఈ అడవులున్నాయి. ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి ఆ వైపు నుంచే వచ్చి ఇక్కడ పిల్లల్ని పెట్టింది. అటవీశాఖ వాళ్లు కట్టే ఆ పెట్టెను కెమెరా ట్రాప్ అంటారు. అది రాత్రంతా వీడియో తీస్తూ కూర్చోదు. ఎదురుగా వేడి ఒళ్లున్న ప్రాణి కదిలినప్పుడే మేలుకుని ఫొటో తీస్తుంది. 2018 జాతీయ పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలు పెట్టారు. ఆ సర్వే గిన్నిస్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

ఆ పెట్టెలో పులి రాకను కనిపెట్టే భాగం పేరు పాసివ్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్, పొట్టిగా పీఐఆర్. దొంగలు పడకుండా ఇంటి గది మూలన బిగించే అలారంలోనూ అదే ఉంటుంది. అడవిలో దాన్ని ఎక్కడ కట్టాలో బీట్ ఆఫీసర్‌కు తెలుసు: జంతువు నడిచే బాట, నీళ్ల తావు, చెట్టు మీద గోళ్ల గీతలు చూసి కడతాడు. ఇంట్లో ఎక్కడ బిగించాలో అంత బాగా తెలిసింది ఇంటివాళ్లకే. ఏ కిటికీ గొళ్లెం వదులైందో, పెరటి గోడ ఎక్కడ పొట్టిగా ఉందో, కరెంటు పోతే ఏ గది ముందు చీకటవుతుందో వాళ్లకు తెలిసినట్టు షాపు నుంచి వచ్చి గంటలో పని ముగించుకుపోయే మనిషికి తెలియదు. సొంతంగా బిగించుకోవడంలో మిగిలే డబ్బు కంటే ఈ లాభమే పెద్దది.

కాగజ్‌నగర్‌లో ఇళ్లకు తాళాలు పడే సందర్భాలు ఎక్కువే. కాజీపేట - బల్లార్షా లైను మీదున్న ఊరు, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్. పిల్లల చదువులు, ఆసుపత్రి పనులు, రెండేళ్లకోసారి మేడారం జాతర, ఏటా కేస్లాపూర్ నాగోబా జాతర, ఎండాకాలం పెళ్లిళ్లు, బతుకమ్మకు పుట్టిళ్లు. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లాక మళ్లీ తెరుచుకుంది. మధ్యలో ఆ నాలుగేళ్లూ పని వెతుక్కుంటూ ఊరు దాటిన కుటుంబాలున్నాయి. పెద్దవాళ్లు ఇక్కడ, పిల్లలు హైదరాబాద్‌లోనో ఇంకా దూరంలోనో ఉండే ఇళ్లు ఇప్పుడు మామూలైపోయాయి. పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లిన వారం పది రోజులూ ఇంటికి తాళమే దిక్కు.

తాళం వేసిన ఇల్లు దొంగకు చెప్పేది ఒక్కటే: లోపల ఎవరూ లేరని. నివాసముండే ఇంట్లో దొంగతనం చేస్తే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకూ జైలు ఉంది. ఇంటికి కన్నం వేసినందుకు 331వ సెక్షన్ వేరుగా ఉంది. అయితే ఆ శిక్ష దొంగ దొరికాక. బీరువా తెరిచేలోపు దొంగకు చెమటలు పట్టించేది సైరనే.

అలారం మనిషిని ఆపదని ముందే తెలుసుకోవాలి. తలుపు గట్టిగా ఉంటే దొంగకు పది నిమిషాల పని, డొల్లగా ఉంటే అరనిమిషం. అలారం చేసేది తలుపు తెరుచుకోగానే ఊరికి చెప్పడం. అందుకే డబ్బు ఖర్చు పెట్టే వరస ఇలా ఉండాలి: మొదట దర్వాజకు మంచి తాళం, కిటికీలకు గ్రిల్లు, పెరటి తలుపుకు లోపలి అడ్డగడియ; ఆ తర్వాతే సెన్సార్లు. గొళ్లెం ఊడిన తలుపుకు ఎంత ఖరీదైన సెన్సార్ బిగించినా అది దొంగతనం జరుగుతోందని కబురు పంపగలదు, అంతే.

ఈ కబురు పంపే ఆలోచన చాలా పాతది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆగస్టస్ రసెల్ పోప్ అనే ఆయన 1853లో విద్యుత్ దొంగల గంటకు పేటెంటు తీసుకున్నాడు. తలుపు తెరిస్తే తీగలు కలిసి గంట మోగుతుంది. దొంగ కంగారుపడి తలుపు మళ్లీ మూసినా మోత ఆగకుండా ఆయన ఏర్పాటు చేశాడు. సెన్సార్ల కబురు అందుకుని సైరన్ మోగించే ఇప్పటి ప్యానెళ్లూ ఆ నియమాన్నే పాటిస్తున్నాయి: ఒక్కసారి తెలిస్తే చాలు, తలుపు మూశారా లేదా అన్నది ఇక లెక్కలోకి రాదు. ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని దాన్ని వ్యాపారంగా పెంచాడు. ఊళ్లో అప్పుడే పడుతున్న టెలిఫోన్ తీగల మీదుగా అలారం కబురును ఒక కేంద్రానికి చేరేసే పద్ధతి ఆ కుటుంబానిదే.

తన ఇంటికి తానే కాపలా ఏర్పాటు చేసుకున్నవాళ్లలో తలచుకోవలసిన పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే నర్సు. వేళాపాళా లేని డ్యూటీ, పిలిస్తే పోలీసులు రావడానికి ఆలస్యం. తలుపుకు వేరువేరు ఎత్తుల్లో రంధ్రాలు పెట్టి, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపల టీవీ, మాట్లాడేందుకు మైకు, తలుపు గడియ తీసే మీట, అత్యవసరంలో కబురు పంపే బటన్: ఇవన్నీ కలిపి ఆమె, భర్త ఆల్బర్ట్ బ్రౌన్ రూపొందించారు. 1966లో దరఖాస్తు పెడితే 1969లో పేటెంటు వచ్చింది. ఇవాళ ఫోన్లో గేటు ముందు నిలబడ్డ మనిషిని చూస్తున్న ప్రతివాళ్లూ ఆ నర్సు దారిలో నడుస్తున్నవాళ్లే.

ఇప్పుడు కాగజ్‌నగర్‌లోని ఒక మామూలు ఇంటిని తీసుకుందాం. ముందు వరండా, గ్రిల్లు గేటు, హాలు, రెండు పడకగదులు, వంటగది, వెనక పెరడు, పక్కనుంచి మేడ మీదికి మెట్లు. కొనేముందు చేయాల్సిన పని కాగితం మీద ఇంటి పటం గీసుకోవడం. దొంగ రాగల దారులన్నీ గుర్తించాలి. ముందు దర్వాజ అందరికీ గుర్తొస్తుంది. పెరటి తలుపు, మెట్ల తలుపు, బాత్‌రూం వెంటిలేటర్ గుర్తు రావు. వీధిలైటు పడని వైపు, పక్క ఖాళీ ప్లాటు వైపు ఉన్న దారులకు రెట్టింపు గుర్తు పెట్టుకోవాలి. ఈ పటం లేకుండా కిట్టు కొన్నవాళ్లు దాంట్లో వచ్చిన సెన్సార్లకు చోటు వెతుకుతారు. పటం గీసినవాళ్లు చోటుకు తగ్గ సెన్సార్లు కొంటారు.

తలుపులకు, కిటికీలకు పెట్టేది మాగ్నెట్ సెన్సార్. రెండు ముక్కలు: తలుపు రెక్కకు అయస్కాంతం, చౌకట్టుకు స్విచ్. లోపల గాజు గొట్టంలో రెండు సన్నని ఇనుప రేకులుంటాయి. అయస్కాంతం దగ్గరుంటే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. ఈ రీడ్ స్విచ్‌ను 1930లలో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు వాల్టర్ ఎల్‌వుడ్ తయారుచేశాడు. గొట్టం మూసి ఉంటుంది కాబట్టి దుమ్ము, తేమ లోపలికి పోవు. చౌకైనదే, కానీ మొత్తం వ్యవస్థలో ఇంతకంటే నమ్మదగ్గది లేదు.

బిగించేటప్పుడు ఒక చిక్కు ఉంది. మామూలు మాగ్నెట్ సెన్సార్‌లో రెండు ముక్కల మధ్య ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు మించి ఎడం ఉండకూడదు. ఆదిలాబాద్ టేకు తలుపైతే పెద్ద ఇబ్బంది లేదు. తక్కువ రకం చెక్క వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ఎండి వంకరపోతుంది. జూన్‌లో సరిగ్గా ఉన్న ఎడం మే నాటికి పెరిగి, అర్ధరాత్రి ఉత్తపుణ్యానికి సైరన్ మోగుతుంది. ఇనుప తలుపులు, షట్టర్లతో ఇంకో తంటా: ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు లాగేస్తుంది. అలాంటి చోట సెన్సార్ కింద చెక్క ముక్కో ప్లాస్టిక్ ముక్కో పెట్టి ఎత్తాలి, లేదా షట్టర్ల కోసమే చేసిన బరువైన రకం కొనాలి. డబుల్ టేప్ వేడికి కరిగి జారుతుంది. రెండు స్క్రూలు బిగించడమే మేలు.

ఇక పీఐఆర్. అది తనంతట తాను ఏ కిరణాలనూ వదలదు. గదిలోని వేడిని చూస్తూ ఉంటుంది. మనిషి ఒంటి వేడి కంటికి కనబడని పరారుణ కిరణాలుగా, సుమారు 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంతో వెలువడుతుంది. సెన్సార్ ముందున్న గళ్లగళ్ల ప్లాస్టిక్ కటకం గదిని పట్టీలుగా విడగొడుతుంది. మనిషి ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి అడుగేసినప్పుడు పడే వేడి తేడాను అది పట్టుకుంటుంది. అందుకే నేరుగా ఎదురొచ్చే మనిషి కంటే అడ్డంగా నడిచే మనిషి దానికి త్వరగా దొరుకుతాడు. ఏడెనిమిది అడుగుల ఎత్తున, తలుపుకు ఎదురుగా కాకుండా పక్క మూలన, దొంగ గది దాటాలంటే అడ్డంగా నడవక తప్పని చోట బిగించాలి. గాజులోంచి అది చూడలేదు. కిటికీ లోపల పెట్టి బయటి పెరటిని కాపలా కాయమంటే కాయదు.

ఇక్కడే కాగజ్‌నగర్ ఎండల సంగతి వస్తుంది. ఈ ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదైనా సెగలు కక్కుతుంది. తాళం వేసి, కిటికీలు మూసిన ఇంట్లో గోడల వేడి 35, 36 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. మనిషి చర్మం వేడీ ఆ చుట్టుపక్కలే. తేడా లేనప్పుడు పీఐఆర్‌కు కనబడేదేమీ ఉండదు. డిసెంబరు చలిలో గది అవతలి నుంచి పట్టేసిన సెన్సార్ మే రాత్రి నాలుగడుగుల దూరంలోని మనిషిని కూడా వదిలేయొచ్చు. చల్లటి దేశాల్లో రాసిన మాన్యువళ్లలో ఈ మాటకు ఒక్క వాక్యం కంటే చోటుండదు. ఉత్తర తెలంగాణలో ఇది మొదటి పేజీలో ఉండాల్సిన మాట. దారులు రెండు. వేడిని బట్టి తన చురుకుదనాన్ని సర్దుకునే, లేదా మైక్రోవేవ్ తరంగాలతో కదలికనూ చూసే రెండు రకాల సెన్సార్ కొనడం ఒకటి. అంతకంటే ముఖ్యమైనది, మొదటి కాపలా తలుపుల మాగ్నెట్లకే అప్పగించి పీఐఆర్‌ను రెండో వరసలో ఉంచడం. మాగ్నెట్‌కు ఎండా చలీ ఒక్కటే.

పీఐఆర్‌ను అనవసరంగా ఉలిక్కిపడేట్టు చేసేవి కూడా ఇక్కడ తక్కువేమీ కావు. కూలర్ గాలి నేరుగా తగిలితే, పరదా ఊగితే, గోడ మీది బల్లి కటకం మీదికి ఎక్కితే అది మనిషే అనుకుంటుంది. తీగ దూర్చిన రంధ్రాన్ని సిలికాన్‌తో మూయకపోతే చీమలు లోపల కాపురం పెడతాయి. మేడ మీద, ప్రహరీ మీద బయటి సెన్సార్లు పెట్టాలనుకునేవాళ్లు కోతుల్ని మరిచిపోకూడదు. రోజుకు నాలుగుసార్లు కోతుల గుంపు దిగే ఇంట్లో మేడ మీది పీఐఆర్ మోతకు వీధంతా అలవాటు పడిపోతుంది. అలవాటైన సైరన్‌ను నిజంగా అవసరమైన రాత్రి ఎవరూ పట్టించుకోరు. బయట సెన్సార్ల బదులు లైటు వెలిగించే సెన్సార్ పెట్టి, సైరన్‌ను లోపలి దారులకే పరిమితం చేయడం ఈ ఊళ్లకు సరిపోయే పద్ధతి.

తీగలా, వైర్‌లెస్సా అన్నది తర్వాతి ప్రశ్న. ఇల్లు కడుతున్నప్పుడే అయితే గోడల్లో పైపు వేయించి తీగలు లాగడం ఉత్తమం. తీగ వ్యవస్థలో సెన్సార్ మామూలప్పుడు సర్క్యూట్‌ను మూసి ఉంచుతుంది. తలుపు తెరుచుకున్నా, దొంగ తీగ తెంపినా సర్క్యూట్ తెగి సైరన్ మోగుతుంది. తెంపకుండా రెండు తీగల్నీ కలిపేసి మోసం చేయాలనుకునేవాడి కోసం లైను చివర ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. ఎంత విలువది పెట్టాలో ప్యానెల్ మాన్యువల్ చెబుతుంది. ప్యానెల్ ఆ విలువను ఎప్పుడూ కొలుస్తూ ఉంటుంది. తెగితే అనంతం, కలిపితే సున్నా, రెండూ పట్టుబడతాయి. సొంతంగా బిగించేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఆ రెసిస్టర్‌ను సెన్సార్ దగ్గర కాకుండా ప్యానెల్ పెట్టెలోనే బిగించడం. అప్పుడు అలారం పనిచేస్తున్నట్టే కనబడుతుంది, ఆ రక్షణ మాత్రం పోతుంది.

కట్టేసిన ఇంటికి వైర్‌లెస్ సుళువు. సెన్సార్ బటన్ సెల్లు మీదో ఏఏ సెల్లు మీదో నడిచి, ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ రేడియోలో ప్యానెల్‌కు కబురు పంపుతుంది. కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. సెన్సార్ అప్పుడప్పుడూ తానున్నానని ప్యానెల్‌కు చెబుతుందా? చవక రకాలు తలుపు తెరిచినప్పుడు మాత్రమే మాట్లాడతాయి. సెల్లు అయిపోయి చచ్చిన సెన్సార్, మూసిన తలుపు దగ్గర బుద్ధిగా ఉన్న సెన్సార్, రెండూ ప్యానెల్‌కు ఒకేలా ఉంటాయి. రెండో ప్రశ్న రిమోట్ గురించి: నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుందా? మారకపోతే ఆ సిగ్నల్‌ను పట్టి మళ్లీ వినిపించే చిన్న పరికరంతో అలారాన్ని ఆపేయొచ్చు. ఈ రెండింటికీ జవాబు చెప్పలేని షాపులో కొనకపోవడం మేలు.

బిగింపు ఒక మధ్యాహ్నం పని. ప్రోగ్రామింగ్‌కు అంతకంటే నిదానం కావాలి, ఎందుకంటే ఇంటివాళ్ల నడవడిని యంత్రానికి నేర్పే చోటు అదే.

మొదట ప్యానెల్‌ను నేర్చుకునే స్థితిలో పెట్టి, ఒక్కో సెన్సార్‌ను కదిలిస్తే అది బీప్‌మని ఒప్పుకుంటుంది. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో జోన్ నంబరు పడుతుంది. ఆ నంబర్లను వెంటనే ఇంటి పటం మీద రాసుకోవాలి. ‘జోన్ 4’ అని ఫోన్ వచ్చినప్పుడు అది వంటగదో మెట్లో వెతుక్కునే సమయం ఉండదు. తర్వాత జోన్ స్వభావం. ఇంటివాళ్లు వచ్చే ముందు దర్వాజకు 30 సెకన్ల గడువు ఇవ్వాలి, తాళం తీసి కోడ్ నొక్కేదాకా సైరన్ ఓపిక పట్టేట్టు. పెరటి తలుపుకు, కిటికీలకు గడువు అక్కర్లేదు; అవి తెరుచుకుంటే వెంటనే మోగాలి. హాలులోని పీఐఆర్ ముందు దర్వాజ తర్వాత కదిలితే గడువులోనే ఉండాలి, అది ఒక్కటే కదిలితే వెంటనే మోగాలి. చాలా ప్యానెళ్లలో దీనికి ప్రత్యేకమైన రకం ఉంటుంది. పెద్దవాళ్ల మంచం పక్కన పెట్టే ఎస్‌ఓఎస్ బటన్, వంటింటి పొగ సెన్సార్ అలారం ఆపి ఉన్నా పనిచేసే 24 గంటల జోన్‌లో ఉండాలి.

అలారం పెట్టడంలో రెండు తీరులుంటాయి. ఊరెళ్లినప్పుడు అన్ని సెన్సార్లూ మేల్కొంటాయి. ఇంట్లో పడుకున్నప్పుడు తలుపులు, కిటికీలు మాత్రమే మేల్కొని, లోపలి పీఐఆర్‌లు నిద్రపోతాయి. లేకపోతే నీళ్లకు లేచిన తాతయ్య వీధిని లేపుతాడు. ఈ ఊళ్లలో మూడో తీరూ అవసరం. ఎండాకాలం రాత్రులు ఇంటిల్లిపాదీ మేడ మీద పడుకుంటారు, కింద ఇల్లు ఖాళీ. దొంగలు ఎదురుచూసే అదను అదే. అలాంటి రాత్రి ఊరెళ్లినట్టే అన్నింటినీ మేల్కొలిపి, మెట్ల తలుపుకు మాత్రం 30 సెకన్ల గడువు ఇచ్చి, కీప్యాడో రిమోటో మేడ మీదికి పట్టుకెళ్లాలి. ఏ కంపెనీ పెట్టెలోనూ ఈ తీరు ముందే పెట్టి ఉండదు. ఇంటివాళ్లే కూర్చుని పెట్టుకోవాలి.

సైరన్ మోత మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. నూరు డెసిబెల్స్ దాటిన చప్పుడును అరగంట మోగించడం వల్ల దొంగ మరింత భయపడడు. ఇరుగుపొరుగు మాత్రం అలారం తీసేయమంటారు. ఒక సైరన్ లోపల, ఇంకొకటి బయట చేతికందని ఎత్తున ఉండాలి. అందుబాటులో ఉన్న సైరన్‌ను దొంగ ముందుగా పగలగొట్టేస్తాడు.

ఫోన్ చేసే ప్యానెళ్లలో సిమ్ వేస్తారు. ఇక్కడ చాలామంది చిక్కుకుంటారు. తక్కువ ధర జీఎస్‌ఎం ప్యానెళ్లు 2జీ మీద నడుస్తాయి. జియో నెట్‌వర్క్‌లో 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ అందులో పలకదు. 2జీ ఉన్న కంపెనీ సిమ్ తీసుకోవాలి, లేదా 4జీ ప్యానెల్ కొనాలి. కాగజ్‌నగర్ లోపల సిగ్నల్ బాగున్నా అడవి అంచు ఊళ్లలో గోడ మార్చితే బార్లు మారతాయి. ప్యానెల్‌ను మేకు కొట్టకముందే ఆ సిమ్‌ను ఫోన్‌లో వేసి ఆ గోడ దగ్గరే నిలబడి చూడాలి. సిమ్ లాక్ తీసేయాలి. రీచార్జి గడువు తీరితే అలారం మూగదవుతుంది, ఎవరికీ చెప్పకుండానే. రీచార్జి తేదీని క్యాలెండర్‌లో రాసుకునే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పడం మంచిది.

వైఫై మీద నడిచే అలారాలకు కరెంటే బలహీనత. ప్యానెల్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. కరెంటు పోయిన నిమిషం నుంచి ఫోన్‌కు కబురు రాదు. దొంగ మీటరు దగ్గర ఫ్యూజు తీసినా అంతే. రౌటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టాలి, లేదా వైఫై, సిమ్ రెండూ ఉన్న ప్యానెల్ తీసుకోవాలి. తీగల ప్యానెల్లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్, సెన్సార్లు కలిసి 150 మిల్లీఆంపియర్లు లాగితే కాగితం మీద 46 గంటలు వస్తుంది. బ్యాటరీ పాతబడటం, సైరన్ లాగే కరెంటు లెక్కేస్తే అందులో సగాన్నే నమ్మాలి. వానాకాలం పిడుగుల ప్రాంతం కాబట్టి పొడవాటి తీగలున్న ప్యానెల్‌కు మంచి ఎర్తింగ్ తప్పనిసరి.

ఎవరికి ముందు ఫోన్ పోవాలి? దాదాపు అందరూ మొదటి నంబరుగా ఊరు బయట ఉన్న కొడుకుదో కూతురిదో పెడతారు. అర్ధరాత్రి హైదరాబాద్‌లో ఫోన్ ఎత్తిన కొడుకు చేయగలిగేది పక్కింటికి ఫోన్ చేయడమే. ఆ పక్కింటి నంబరే ముందుండాలి, రెండోది అదే వీధిలో ఉన్న ఇంకొకరిది, మూడోది కొడుకుది. ముందుగా వాళ్లింటికి వెళ్లి అడిగి, ఒప్పించి, సైరన్ ఒకసారి వినిపించి రావాలి. ప్యానెల్‌లో పది సెకన్ల మాట రికార్డు చేసుకునే వీలుంటుంది. ఈ ఊరి వీధుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ పక్కపక్కనే వినబడతాయి. నజ్రుల్‌నగర్, ఈజ్‌గాం వైపు తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలున్నాయి. ఫోన్ ఎత్తే పక్కింటివాళ్లది ఏ భాషో ఆ భాషలో, ఇంటి గుర్తుతో సహా ఆ మాట ఉండాలి. యంత్రం ఇంగ్లీషులో ఏదో చెబితే నిద్రమత్తులో ఎవరైనా మోసపు కాల్ అనుకుని కట్ చేస్తారు.

పాస్‌వర్డ్ మార్చడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్యాక్టరీ నుంచి వచ్చే 1234 కోడ్ దొంగకూ తెలుసు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, రౌటర్లు లక్షల్లో పట్టుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయేంత దాడికి వాడుకుంది. వాటి యజమానుల్లో చాలామందికి తమ కెమెరా ఆ పనిలో ఉందని కూడా తెలియదు. ప్రోగ్రామింగ్ కోడ్ ఒకటి, రోజూ వాడే కోడ్ ఇంకొకటి, పనిమనిషికి వేరొకటి ఇవ్వాలి. వేరుగా ఇస్తే ఎవరు ఎప్పుడు వచ్చారో ప్యానెల్ లాగ్‌లో కనబడుతుంది, పని మానేసినప్పుడు ఆ ఒక్క కోడ్ తీసేస్తే సరిపోతుంది.

ఈ పనిలో పోలీసులు చేతులు కలిపిన ఉదాహరణ పొరుగు రాష్ట్రంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో తాళం వేసిన ఇళ్ల నిఘా ఏర్పాటు తెచ్చారు. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో నమోదు చేసుకుని కోరితే, సిబ్బంది వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు కబురు వెళుతుంది. ఇంటివాళ్లకు ఖర్చు లేదు. తెలంగాణలో ‘నేను సైతం’ పేరుతో వీధుల్లో సీసీ కెమెరాలు పెట్టించే ప్రచారం నడిచింది. వందమందికి పైగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు ఉండాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఇళ్లకు అలాంటి నిబంధన లేదు. ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పండగల ముందు పోలీసులు కోరుతూ ఉంటారు. సొంత అలారం ఉన్నవాళ్లు కూడా ఆ పని చేయాలి, చెప్పేటప్పుడు పక్కింటి నంబరు కూడా ఇవ్వాలి. రాత్రి గస్తీ కానిస్టేబుల్‌కు సైరన్ వినబడితే ఎవరికి ఫోన్ చేయాలో అప్పుడు తెలుస్తుంది.

బిగించిన మొదటి వారం సైరన్ తీగ విప్పి, మిగతా అంతా పనిచేయనివ్వాలి. ఏ సెన్సార్ ఎన్నిసార్లు ఊరికే కదిలిందో లాగ్‌లో కనబడుతుంది. కూలర్‌కు ఎదురైనదాన్ని మూల మార్చి, వదులైన మాగ్నెట్‌ను దగ్గరికి జరిపి, అప్పుడు సైరన్ కలపాలి. ఆ తర్వాత నెలకోసారి ఒకరు ఇల్లంతా నడుస్తూ ప్రతి తలుపూ తెరుస్తుంటే ఇంకొకరు ప్యానెల్ దగ్గర నిలబడి జోన్ నంబర్లు చదవాలి. ఏప్రిల్‌లో ఒకసారి, కరెంటు తీసేసి ఒకసారి ఈ నడక తప్పకుండా చేయాలి.

నిజంగానే ఒక రాత్రి ఫోన్ వస్తే పక్కింటివాళ్లు ఒంటరిగా లోపలికి వెళ్లకూడదు. తమ ఇంటి లైట్లన్నీ వేసి, కేకలు పెట్టి, నలుగుర్ని లేపి, 100కో 112కో ఫోన్ చేయాలి. దొంగ పారిపోవడానికి దారి వదిలేయాలి. తెల్లారి ఇంటివాళ్లు వచ్చాక ఆత్రంగా బీరువా సర్దకూడదు, పోలీసు క్లూస్ టీం వేలిముద్రలు తీసేదాకా తలుపు పిడి కూడా ముట్టుకోకూడదు. ప్యానెల్ లాగ్‌ను ఫొటో తీసి ఫిర్యాదుకు జత చేయాలి. రాత్రి 2 గంటల 10 నిమిషాలకు పెరటి తలుపు, 2 గంటల 11 నిమిషాలకు హాలు అని అందులో ఉన్న రెండు వరసలు చాలు, వీధి చివర కిరాణా దుకాణం కెమెరాలో ఏ నిమిషం నుంచి చూడాలో స్టేషన్‌కు తెలియడానికి.